ముగ్గుపిండి మీద నాలుగో పాదం

సీతమ్మధారలో కుక్కల ఆసుపత్రి ఎక్కడని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. అక్కడ డాక్టరెవరని అడిగితే మాత్రం కాస్త తడుముకుంటారు. "జయశీలమ్మ ఉంటాది కదా, ఆ ఆసుపత్రే" అని తేల్చేస్తారు. డాక్టర్ శ్రీవల్లి చెవిన ఈ మాట చాలాసార్లు పడింది. ఆమె కోపగించుకోదు. తను వచ్చి ఆరేళ్ళే అయింది. జయశీల ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉంది. ఈలోగా ముగ్గురు డాక్టర్లు మారారు, బోర్డు రెండుసార్లు మారింది, జీతం కాగితంలో జయశీల పేరు పక్కన ఉన్న అటెండరు అన్న మాట మాత్రం మారలేదు. ఆ కోపం ఆవిడకి ఉంది, ఉండాలి కూడా.

ఆవిడ ప్రత్యేకత కన్ను. ఏ కుక్క ఏ కాలు దాచుకుంటోందో ఇట్టే పట్టేస్తుంది. తండ్రి యాకోబు ఆనందపురం జంక్షన్లో ఎడ్లకు నాడాలు కొట్టేవాడు. బండివాడు ఎంత తొందరపెట్టినా సరే, ముందు ఎద్దును తడిపిన మట్టి మీద నాలుగడుగులు నడిపించి, గిట్టల గుర్తులు చూసి, ఆ తరవాతే సుత్తి పట్టుకునేవాడు. పక్కన కూచుని చూసిన పిల్లకు ఆ విద్య అబ్బింది. ఆసుపత్రిలో తడిమట్టి ఎక్కడ దొరుకుతుంది? అందుకని ఎనిమిది అడుగుల నల్లటి రబ్బరు చాప ఒకటి సంపాదించింది. దాని మీద పలచగా ముగ్గుపిండి జల్లి కుక్కను నడిపిస్తుంది. బరువు బాగా ఆనిన పాదం కింద పిండి నలిగి చాప నల్లగా బయటపడుతుంది. నొప్పి ఉన్న పాదం పిండిని తాకీ తాకనట్టు వెళ్ళిపోతుంది. ఇంటి ముందు ముగ్గు పెట్టే అలవాటు లేని క్రైస్తవుల ఇంటి ఆడమనిషి వారానికి రెండు కేజీల ముగ్గుపిండి ఏం చేసుకుంటుందా అని మొదట్లో కొట్టువాడు వింతగా చూశాడు. తరవాత తన కుక్కనే తీసుకొచ్చాడు.

ఒకరోజు కొందరు పశువైద్య పరిశోధకులు శ్రీవల్లిని వెతుక్కుంటూ వచ్చారు. కీళ్ళరిగి కుంటే ముసలి కుక్కలకు మూలకణాల చికిత్స చేసి చూడాలట. ఆరోగ్యంగా ఉన్న కుక్క కొవ్వులోంచి ఆ కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, అరిగిన కీలులోకి ఎక్కిస్తారు. శ్రీవల్లి ఇదంతా బల్ల మీద బొమ్మలు గీసి చెబితే జయశీల విని, "నారు పోసి ఇంకో మడిలో నాటినట్టన్నమాట" అంది. ఇంచుమించు అంతేనన్నారు వాళ్ళు. కాకపోతే ఇక్కడ నారు మొలకెత్తుతుందో, ఊరికే వాపు తగ్గించి పోతుందో ఇంకా ఎవరికీ గట్టిగా తెలియదట.

ఇరవై కుక్కలను ఎంచారు. పదింటికి అసలు కణాలు, పదింటికి ఉప్పునీళ్ళు. సీసాల మీద అంకెలు తప్ప మరేమీ ఉండవు. దేంట్లో ఏముందో శ్రీవల్లికి తెలియదు, జయశీలకు తెలియదు, యజమానికి తెలియదు. ఆర్నెల్ల తరవాత గుట్టు విప్పుతారు, ఉప్పునీళ్ళు పడ్డవాటికి అప్పుడు అసలు మందు ఇస్తారు. కుంటుకు మార్కు వేసే పని జయశీలది. సున్నా అంటే కుంటే లేదు, ఐదంటే కాలు మోపలేదు, ఎత్తుకునో ఈడ్చుకునో పోతుంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక కాగితం మీద ఆవిడ పేరు ముందు పరిశీలకురాలు అని రాసుంది. ఆ కాగితాన్ని తమ్ముడు యోహాను ఇంటికి పట్టుకెళ్ళి చూపించింది.

ఆ ఇరవైలో పద్నాలుగోది భీముడు. గోధుమరంగు లాబ్రడార్, వెనక కుడి తుంటి అరిగిపోయింది. యజమాని శ్రీరామ్మూర్తి ఉక్కు కర్మాగారంలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. భార్య పోయి ఏడాది. కుక్క ఆవిడది. మూడో నెల పరీక్షకు వచ్చినప్పుడు ఆయన చాప పక్కన నిలబడి, "మా యావిడ పెంచిందమ్మా. ఇది కూడా కూలబడిపోతే నాకు ఇంట్లో అడుగుల సప్పుడే ఉండదు" అన్నాడు. భీముడు నడిచాడు. ఆరోజు కాస్త హుషారుగా ఉన్న మాట నిజమే. చాప మీద మాత్రం నాలుగో పాదం సగమే పడింది. చాప మూడు అంటోంది. ఎదురుగా ఆయన మొహం. జయశీల పెన్ను ఒక్క క్షణం ఆగి, ఒకటి వేసింది.

ఇరవై రెండేళ్ళలో వేసిన ఒకే ఒక్క దొంగ మార్కు అది. దాంతో ఆగినా బాగుండేది. ముసలాయన మొహం వెలిగిపోవడం చూసి ఆవిడకి పట్టపగ్గాలు లేకపోయాయి. ఆయన ఫోన్ తీసి వీడియో తీస్తోంటే, "సూడండి బాబూ, కొత్త కాలొచ్చీసినట్టు నడుస్తన్నాడు!" అని నవ్వుతూ చెప్పేసింది. ఆ వీడియో ఆయన బంధువులకు పంపాడు, బంధువులు ఊరందరికీ పంపారు. నెల తిరిగేసరికి మద్దిలపాలెంలో కొత్తగా వెలసిన మోకాళ్ళ నొప్పుల కేంద్రం హాల్లో, పెద్ద టీవీలో, జయశీల నవ్వు రోజంతా తిరుగుతోంది. కింద ఎర్ర అక్షరాలతో, మూగజీవికే ఇంత మేలు జరిగితే మీకెంత జరగాలి అని రాసి ఉంది. ఈ సంగతి ఆవిడకి చాన్నాళ్ళు తెలియనే తెలియదు.

ఆర్నెల్లయ్యాక గుట్టు విప్పారు. శ్రీవల్లి కాగితం చదువుతోంది. మూడో నెల మార్కుల ప్రకారం, అసలు కణాలు పడ్డ పదింటిలో ఆరింటికి కుంటు బాగా తగ్గింది. ఉప్పునీళ్ళు పడ్డ పదింటిలో మూడింటికి తగ్గింది. ఆ మూడింటిలో పద్నాలుగో నంబరు ఒకటి.

"భీముడికి పడింది ఉప్పునీళ్ళా?" అంది జయశీల.

"ఒక్కోసారి అలా జరుగుతుందమ్మా. ఎండలు తగ్గడం, యజమాని ఎక్కువ శ్రద్ధ పెట్టడం..."

"జరగలేదు మేడమ్. చాప మీద మూడుంది. నాను ఒకటేసాను."

శ్రీవల్లి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "సీసాలో ఏముందో మనకి చెప్పకపోవడం ఇందుకే. మన మనసు మార్కులోకి జారుతుందని" అంది.

"జారింది. ఆళ్ళకి రాసీండి. నా పేరెట్టే రాయండి."

శ్రీవల్లి అప్పుడే రాసింది, ఆ మాట ఒప్పుకోవాలి. పరిశోధకులు ఆ మార్కు కొట్టేసి, ఇకనుంచి ప్రతి కుక్క నడకకూ ఇద్దరు మార్కు వెయ్యాలని నియమం పెట్టారు. ఉప్పునీళ్ళ పక్క మూడు కాస్తా రెండైంది. అక్కడికి ఆ సంగతి తెగిపోయేదే, ఆదివారం యోహాను ఇంటికి రాకపోయుంటే.

యోహాను పోర్టులో ఇరవై ఆరేళ్ళు కళాసీగా బరువులు మోసినవాడు. రెండు మోకాళ్ళూ అరిగి ఎముక ఎముకకు తగులుతోంది. పదకొండు నెలలు ఎదురుచూస్తే పెద్దాసుపత్రిలో కీళ్ళు మార్చే ఆపరేషన్‌కు తేదీ వచ్చింది. అది వచ్చే సోమవారం. అతను వచ్చి, తను అప్పా అని పిలిచే అక్క ఇంట్లో చేపల పులుసు గిన్నె ముందు కూచుని, ఆ తేదీ వదులుకుంటున్నానని చల్లగా చెప్పాడు. గురువారం మద్దిలపాలెంలో మూలకణాల ఇంజక్షన్ చేయించుకుంటాడట. కోత లేదు, కుట్లు లేవు, పడక లేదు.

"ఎవుడు సెప్పాడ్రా నీకు?" అంది జయశీల.

"నువ్వే కదప్పా! టీవీలో రోజూ సెప్తన్నావు, కొత్త కాలొచ్చీసిందని. అందరికీ సూపించాను, మా యప్పే అని."

గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఏం జరిగిందో అతనికి పూసగుచ్చినట్టు చెప్పింది, దాచలేదు.

"ఉప్పునీళ్ళకి కుక్క నడుత్తాదేటి?"

"నడవలేదురా. నానే పెన్నుతో నడిపించాను."

యోహాను నమ్మలేదు. నమ్మడానికి ఇష్టం లేనివాడికి ఎన్ని సాక్ష్యాలు తెస్తే మాత్రం ఏం లాభం? కోతంటే అతనికి చచ్చేంత భయం. "నీకు నా కాళ్ళు కోయించీడమే కావాల. కుక్కలకైతే బాగుంది, తమ్ముడికైతే వద్దు! నువ్వేటి సెప్పినా గురువారం ఎల్తాను" అని సగం భోజనం వదిలేసి లేచిపోయాడు. గోడ పట్టుకుని అతను గుమ్మం దాటడానికి చాలాసేపు పట్టింది. ఒకసారి ఆ తేదీ పోతే మళ్ళీ పదకొండు నెలలు. అప్పటికి వాడు మంచం దిగుతాడన్న నమ్మకం లేదు.

ఆ సాయంత్రం చర్చిలో చిన్నపిల్లలకు పది ఆజ్ఞలు వల్లె వేయించడం ఆవిడ వంతు. ఎనిమిది వరకూ గొంతు బాగానే పలికింది. అబద్ధ సాక్ష్యం గురించిన తొమ్మిదోదానికి వచ్చేసరికి ఆగిపోయింది. పిల్లలు ఆవిడ మొహం చూసి, తామే గట్టిగా చెప్పేశారు. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఒళ్ళు మండింది కూడా. తన తప్పు తనది, సరే. దాన్ని టీవీలో పెట్టి కాళ్ళ నొప్పులవాళ్ళకు అమ్ముకోమని ఎవరు చెప్పారు?

మర్నాడు శ్రీవల్లితో, గురువారం సెలవు కావాలంది, ఎందుకో కూడా చెప్పింది. శ్రీవల్లి భయపడింది. "వీడియో తీసెయ్యమని వాళ్ళకి ఉత్తరం రాద్దాం. మీరు వెళ్ళి గొడవ చేస్తే మన ఆసుపత్రి పేరు కూడా వీధిన పడుతుంది."

"ఉత్తరం ఎల్లేసరికి మా వోడికి సూదెక్కించీసి ఉంటారు మేడమ్. పేరంటారా, నా పేరే ముందు పోతాది. పోనీండి."

గురువారం పొద్దున చాప చుట్టి తాడు కట్టింది మాత్రం శ్రీవల్లే. శ్రీరామ్మూర్తికి నిజం చెప్పడం అంతకన్నా కష్టమైంది. ఆయన విని, భీముడి తల మీద చెయ్యి వేసి, "నాకు తెలుసమ్మా. ఇంట్లో మెట్లెక్కలేడు. నువ్వు ఒకటేసావు గదా అని నా కళ్ళే తప్పనుకున్నాను" అన్నాడు. తిట్టుంటే బాగుండునని జయశీలకు అనిపించింది. ఆయన తిట్టకుండా, భీముణ్ణి మద్దిలపాలెం తీసుకెళ్ళడానికి కారు తాళాలు తీసుకున్నాడు.

మోకాళ్ళ నొప్పులవాళ్ళ కోసం పెట్టిన కేంద్రాన్ని మూడో అంతస్తులో పెట్టిన తెలివికి దండం పెట్టాలి. లిఫ్టు ముందు పాతికమంది గోడ పట్టుకుని నిలబడ్డారు. భీముణ్ణి చూసి ఒకావిడ, "ఒలమ్మ, ఈడే, టీవీలో కుక్క!" అని దారి ఇచ్చింది. పైన హాల్లో మేనేజరు సాయిశంకర్ టై సర్దుకుంటూ ఎదురొచ్చి, ముందు కుక్కను చూసి చిరాకుపడి, తరవాత జయశీలను గుర్తుపట్టి చేతులు జోడించాడు.

"మేడమ్, మీరా! ఫోన్ చేస్తే కారు పంపేవాణ్ణి కదా! అందరూ ఇటు చూడండి, ఈవిడే!"

హాలంతా తిరిగి చూసింది. మూలన కుర్చీలో, చేతిలో ఫైలుతో యోహాను. అతని మొహం మాడిపోయింది.

"సిన్న పని బాబూ. కుక్కని అందరి ముందూ నడిపించి సూపిద్దామని" అంది జయశీల. సాయిశంకర్ పొంగిపోయాడు. తనే వంగి చాప పరవడానికి సాయం పట్టాడు, కుర్చీలు జరిపించాడు, ఒకమ్మాయిని వీడియో తియ్యమన్నాడు. జయశీల ముగ్గుపిండి జల్లింది. శ్రీరామ్మూర్తి అటు చివర నిలబడి పిలిచాడు. భీముడు తోక ఊపుకుంటూ, టీవీలో తన బొమ్మ కింద నుంచే, ఎనిమిది అడుగులూ నడిచి వెళ్ళాడు. జనం చప్పట్లు కొట్టారు.

"సప్పట్లు తరవాత. ముందు దగ్గరికొచ్చి సూడండి" అంది జయశీల. "ఇవి ముందు కాళ్ళు, నల్లగా అచ్చు గుద్దినట్టు పడ్డాయా? ఇది వెనక ఎడంకాలు. ఇప్పుడు కుడికాలు ఎక్కడుందో సెప్పండి."

వెతికారు. పిండి మీద ఎక్కడో చిన్న మరక, గోరు గీసిన గీత. అంతే.

"మూడు. అంటే కుంటుతన్నాడని. మూడు నెలల నాడు కూడా మూడే. నాను ఒకటని రాసాను, ఈ ముసలాయన్ని సూసి మనసు కరిగి. తప్పు సేసాను. ఈడికి ఎక్కించింది మందు కాదు, ఉప్పునీళ్ళు. ఆ టీవీలో నవ్వుతన్నది నానే, అబద్ధం సెప్తన్నదీ నానే."

సాయిశంకర్ మొదట వీడియో ఆపమన్నాడు. తరవాత టీవీ ఆపమన్నాడు. "కుక్కకి ఉప్పునీళ్ళేమో గాని మేము ఇచ్చేది అసలైన కణాలే. ఈవిడ అటెండరండీ, డాక్టరు కాదు, ఈవిడ మాట నమ్మకండి."

"నిన్నటిదాకా నమ్మమన్నావు కదా!" అన్నారెవరో వెనకనుంచి.

"అటెండర్నే బాబూ" అంది జయశీల. "అసలైనవే అంటన్నావు. మంచిది. ఇప్పటిదాకా ఎంతమందికి ఇచ్చావు? ఎంతమందికి తగ్గింది, ఎంతమందికి తగ్గలేదు? రాసిన పుస్తకం తే."

"అవన్నీ ఇక్కడ చూపించేవి కావు."

"మా కుక్కలకుంది పుస్తకం. మనుసులకి లేదేటి?"

అతనికి కోపం ముంచుకొచ్చింది. "కేసు పెడతాను. మీ ఉద్యోగం ఊడగొట్టిస్తాను."

"పెట్టు. కోర్టులో కూడా ఇదే సాప పరుస్తాను, ఇదే పిండి జల్లుతాను. ఇరవై రెండేళ్ళు అటెండరుగానే ఉన్నాను, ఇంతకన్నా కిందకి ఎక్కడికి దించుతావు?"

ముందు వరసలో అసిరమ్మ అనే ముసలావిడ, చేపల గంప మోసి మోసి వంగిపోయిన మనిషి, కర్ర ఆనించి లేచింది. "అయితే ఇదంతా దొంగ మందేనా పిల్లా? మా బోటోలకి ఇంక దారే లేదా?" ఆవిడ గొంతులో కోపం లేదు, ఆశ జారిపోతున్న బెంగే ఉంది. జయశీల ఆవిడ వైపు తిరిగి చెప్పింది.

"మందు దొంగది కాదత్తా. అసలు మందు పడ్డ పది కుక్కల్లో ఆరు బాగుపడ్డాయి, అది నా కళ్ళతో సూసాను, అందులో దయ కలపలేదు. మనుసులకీ ఓ రోజు వత్తాది. పైసా తీసుకోకుండా, తగ్గినోళ్ళనీ తగ్గనోళ్ళనీ ఒకేలా రాసుకునేవోళ్ళ సేతిలోంచి వత్తాది. ఇలగ టీవీలో బొమ్మేసి అమ్మేవోళ్ళ సేతిలోంచి రాదు. మోకాలు పూర్తిగా అరిగిపోయినోళ్ళకి అది కూడా సాలదంట, మా డాక్టరమ్మ సెప్పింది. ఆళ్ళకి ఆపరేషనే."

చివరి మాట ఎవరి కోసమో ఆవిడ అటువైపు చూడలేదు. యోహాను లేచాడు. చెప్పులు విడిచాడు. గోడ పట్టుకుని వచ్చి, ఎవరూ అడక్కుండానే చాప ఎక్కాడు. పిండి మీద అతని పాదాలు పడలేదు, ఈడ్చుకుపోయిన రెండు చారలు పడ్డాయి. చివర ఆగి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"ఎంతప్పా?"

"ఐదు" అంది జయశీల. కళ్ళనిండా నీళ్ళున్నాయి, మార్కు మాత్రం తగ్గలేదు.

యోహాను ఫైలు చంకలో పెట్టుకుని లిఫ్టు వైపు నడిచాడు. అతని వెనక పదిమంది దాకా కదిలారు. మిగతావాళ్ళు కూచునే ఉన్నారు, ఆశను ఒక్క పూటలో వదులుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. అసిరమ్మ ఎటూ తేల్చుకోలేక చాప పక్కనే నిలబడింది.

సోమవారం యోహానుకు ఆపరేషన్ జరిగింది. సాయిశంకర్ కేసు పెట్టలేదు, వీడియో తీసేశాడు, ఇంకో కుక్క వీడియో పెట్టాడు. జయశీల ఉద్యోగం ఊడలేదు, అటెండరన్న మాటా ఊడలేదు. భీముడికి అసలు మందు పడింది. మూడు నెలలకు మార్కు రెండుకు వచ్చింది. వేసింది జయశీల కాదు, వేరే ఇద్దరు, ఆవిడే అలా పట్టుబట్టింది. కుక్క గెంతులు వెయ్యడం లేదు గాని మెట్లెక్కుతోంది. శ్రీరామ్మూర్తి ఇంట్లో అడుగుల చప్పుడుంది.

ఆ తరవాతి ఏడాది ఒక వైద్య కళాశాల మనుషుల మీద అలాంటి పరీక్షే మొదలుపెట్టింది. మోకాలు అరగడం ఇప్పుడిప్పుడే మొదలైనవాళ్ళు కావాలన్నారు. ఇన్నేళ్ళూ కుక్కల ముందు గొంతుక్కూచున్న జయశీల ఎడం మోకాలికి ఆ అర్హత పుష్కలంగా ఉంది. సగం మందికి ఉప్పునీళ్ళే పడతాయని చెప్పి సంతకం తీసుకున్నారు. ఆ సంగతి తనకి నేర్పక్కర్లేదంది. చాప మాత్రం వెంట పట్టుకెళ్ళింది. మీ కొలతలు మీరు తీసుకోండి, ఇది కూడా చూడండి అంది.

మూడో నెల పరీక్షకు చిన్న డాక్టరు హిమబిందు ఉంది. అప్పటికే జయశీలంటే ఆ అమ్మాయికి ఇష్టం ఏర్పడింది. జయశీల పిండి మీద నడిచింది. హిమబిందు చూసి నవ్వింది. "బాగా తగ్గిందమ్మా. ఒకటి వేసేస్తున్నాను."

జయశీల పాదాల గుర్తులు చూసుకుంది. ఎడమది పలచగా ఉంది. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఆ ఒకటి తియ్యగా తోచి నోరు మెదపలేకపోయింది.

గుమ్మం దగ్గర నేల మీద చేతికర్ర టక్కుమంది. అక్కకు తోడుగా వచ్చిన యోహాను, కొత్త మోకాళ్ళ మీద నిటారుగా నిలబడి ఉన్నాడు.

"ఆగండి డాక్టరమ్మా. మా యప్ప ఎడంకాలు సరిగా ఆన్లేదు, సూడండి. రెండు. తగ్గించకండి."

జయశీల తమ్ముడి వైపు గుర్రుగా చూసింది. ఆ తరవాత హిమబిందు వైపు తిరిగింది.

"రాయండి మేడమ్" అంది. "మా తమ్ముడు సెప్పిందే రాయండి."